ఎడమ భుజం వైపు

ఏజెంటు సత్యానందం సెల్‌ఫోను నా ముందు పెట్టి
"ఈవిడ మెడ కావాలి" అన్నాడు.
నవ్వబోయి ఊరుకున్నాను.
తెరమీద ఒక దొరసాని,
నల్ల పట్టుబట్ట, చిన్న నోరు,
మెడ చుట్టూ అన్నం పళ్లెమంత తెల్ల లేసు.
తల కోసి పళ్లెంలో పెట్టినట్టుందే అంది ఎస్తేరు,
దానికి ఎప్పుడూ బైబిలే గుర్తొస్తుంది.

పేరు అడ్రియానా. మూడువందల డెబ్బై ఏళ్ల కిందటి మనిషి.
ఆవిడ కోట చూడ్డానికి ఇప్పుడు టిక్కెట్టు పెట్టారట,
ఆ కాలరు ఎప్పుడో చివికిపోయిందట,
అలాంటిదే అల్లించి అద్దాల పెట్టెలో పెడతారట.
అది కట్టెముక్కలకి దారం చుట్టి పేనే పని,
మాది ఒంటి సూది అని చెబితే
"దూరంనించి చూసేవాళ్లకి ఏం తెలుస్తుంది" అన్నాడు.
దారం తూకమేసి ఇచ్చి
నరసాపురం పంటు ఎక్కి వెళ్లిపోయాడు.

అతను చెప్పిన నాలుగు ముక్కలే నాకు ఆవిడ బతుకు.
పదిహేనో ఏట పెళ్లి.
మొగుడు యుద్ధాలకి పోయి
ఉత్తరాలు రాయడం మానేశాడు.
ముగ్గురు పిల్లల్ని పాతిపెట్టింది, ఒకణ్ణి దక్కించుకుంది.
వాళ్లదీ సముద్రంకన్నా పల్లపు నేలేనట,
గట్టు తెగితే ఊళ్లకి ఊళ్లే పోయేవట.
ఒక ఏడు తెగింది.
మెళ్లో ముత్యాలు అమ్మి మట్టి తోలించిందట,
రాత్రంతా లాంతరు పట్టుకుని గట్టుమీద తిరిగిందట,
కూలోళ్లకి తన చేత్తో గంజి పోసిందట.
ఇక్కడ నాకు అనుమానం.
జమీందార్ల గురించి ఇలాంటివి మావైపూ చెబుతారు.
గంజి కాచినావిడ పేరు మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకటి నమ్మాను.
వరదలో అమ్మానాన్నా పోయిన ఆడపిల్లల్ని
కోటలో కూచోబెట్టి లేసు నేర్పించిందట.
గాజుబుడ్డిలో నీళ్లు పోసి దీపం ముందు పెట్టి,
ఆ నీళ్లలోంచి దిగిన వెలుగులో
ఒక్క దీపానికి ఆరుగురు.
ఇది కూచుని కల్పించే సంగతి కాదు,
కళ్లు పోగొట్టుకున్న పిల్లెవరో చెప్పి ఉండాలి.

ఆ పని ఎన్ని చేతులు మారిందో,
ఏ దొరసానో ఓడ దిగి
మా అమ్మ నాయనమ్మ చేతిలో సూది పెట్టేదాకా.
పొలం వెళ్లక్కర్లేదు, గడప లోపలే కూలి,
ఏజెంటు చెప్పిందే లెక్క.
దీవెనో కాదో నాకు తెలీదు.
ఎనభై ఆరులో గోదారి మా ఇంట్లోకి వచ్చినప్పుడు
అమ్మ దారం ఉండలు నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది,
నన్ను అత్త ఎత్తుకుంది.

పంతొమ్మిది రోజులు అల్లాను.
ఆ కాలరు పెట్టుకుంటే మెడ వంచడానికి ఉండదు.
అల్లేవాళ్లకి ఎత్తడానికి ఉండదు.
కుడివైపు పువ్వులన్నీ బొమ్మలో ఉన్నాయి, లెక్కపెట్టి దించాను,
ఏడు రేకలు, మధ్యన సాలెగూడు, అంచుకి పళ్లు.
ఎడమ భుజం వైపు అంతా చీకటి.
రంగులేసినవాడు అలిసిపోయాడో, పొద్దు వాలిందో.
ఫోను చేస్తే
"అద్దంలో చూసినట్టు అదే తిప్పి అల్లెయ్" అన్నాడు సత్యానందం.

తిప్పి అల్లడానికే కూచున్నాను.
వాన పట్టుకుంది. కరెంటు పోయింది.
గాజుసీసాలో నీళ్లు పోసి కొవ్వొత్తి ముందు పెట్టాను,
చూద్దామని.
రూపాయి బిళ్లంత వెలుగు ఒళ్లోకి దిగింది.
నిజమే.
అంతలో చెయ్యి దారి తప్పింది, తప్పనిచ్చాను.
కాలవగట్టు తూటాకు ఒకటి,
పులస మొప్ప ఒకటి,
ఆటుకి బయటపడ్డ బురదలో పీత నడిచిన గీత,
తెగిన గట్టు.
అక్కడ గొలుసు వదిలేసి
నాలుగు కళ్లు అవతల మళ్లీ అందుకున్నాను.

సత్యానందం వచ్చి, కుడివైపే చూసి, మడత పెట్టాడు.
దారం తరుగని పదకొండు రూపాయలు కోశాడు.

ఈపాటికి అద్దాల పెట్టెలో ఉండి ఉంటుంది.
ఈసారి వస్తే కనుక్కోమంటోంది ఎస్తేరు,
పెట్టె గోడకి ఆనించి పెట్టారా,
చుట్టూ తిరిగి చూడొచ్చా అని.